అర శ్రుతి తగ్గిన క్యాసెట్టు

హజరత్ వలి కుదురుగా కూర్చోవడం ఈ మధ్య ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను, ఒకప్పుడు. మార్కాపురం బస్టాండు ఎదురు సందులో మా కిరాణా దుకాణానికీ, అతని రికార్డింగు దుకాణానికీ మధ్య ఒకే గోడ. అటు అతను ఏ పాట ఎక్కిస్తున్నాడో నాకు వినపడేది, ఇటు నేను ఎవరిని తిడుతున్నానో అతనికి వినపడేది. స్టూలు మీద కాలు మీద కాలేసుకుని, బీడీ కూడా తొందరలేకుండా కాల్చే మనిషి. అటువంటివాడు నిలబడి అన్నం తినే మనిషిగా మారడానికి ఒక సైకిలు ట్యూబు ముక్క కారణమంటే మీరు నమ్మరు. పక్కనే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు. ఎక్కడైనా వంకర పోతే నా అక్షరాన్ని అనండి, విషయాన్ని అనకండి.

వలి నాయన షంషుద్దీన్ సాయిబు హార్మోనియం పెట్టెలు బాగుచేసేవాడు. పొదిలి నుంచి గిద్దలూరు దాకా ఏ నాటకం కంపెనీ పెట్టె మూగబోయినా ఆయన గడపకే వచ్చేది. కొడుక్కి ఆస్తి ఇవ్వలేదు, చెవి ఇచ్చాడు. ఏడేళ్ల వయసులోనే గోడవతల హార్మోనియం మోగితే ఏ మెట్టు మోగిందో వలి చెప్పేవాడట. ఆ ముచ్చట నేను చూడలేదు కానీ, దీన్ని మాత్రం చూశాను. మా సందు చివర పలకల ఫ్యాక్టరీ ఉంది. పొద్దున్నే రంపం మిషను మొదలవగానే వలి తల పక్కకు వంచి, "ఇయాళ రెండున్నర శ్రుతిలో ఏడుస్తాంది అక్కా, దానికేదో వచ్చింది" అన్నాడు. మధ్యాహ్నానికి ఆ మిషను ఆగిపోయింది, బేరింగు అరిగిందని చెప్పుకున్నారు.

ఆ ఫ్యాక్టరీలోనే అతను పదిహేనో ఏట పనికి చేరాడు. రెండేళ్లకు రంపం అతని కుడిచేతి ఉంగరం వేలు కొన తీసుకుంది. ఆ వేలు లేకుండా కూడా హార్మోనియం వాయించేవాడు, కానీ ఇంట్లోనే. పదిమంది ముందు కూర్చుని తడబడటం నాకొద్దు అనేవాడు. అంత పట్టుదల మనిషికి చెరుపే, అయినా నాకు అలాంటివాళ్లే నచ్చుతారు. స్టేజీ ఎక్కనివాడు ఏం చేస్తాడు? లాల్బీని పెళ్లి చేసుకుని, టేప్‌రికార్డర్లు రెండు కొనుక్కుని, కాపీ చేసి ఇచ్చే దుకాణం పెట్టాడు. బోర్డు మీద తన చేత్తోనే నీలం రంగుతో రాసుకున్నాడు. పైన పేరు, కింద "ఇక్కడ పాట చెడదు" అని. నిజంగానే చెడేది కాదు. ఆ మాట మీదే అతను బతికాడు.

ఇక ఎర్రయ్య సంగతి. త్రిపురాంతకం దగ్గరి పల్లెలో పుట్టి, మా బండ క్వారీల్లో సమ్మెట కొట్టిన మనిషి. పాటలు తనే కట్టుకుని తనే పాడేవాడు. అతని శ్రుతి అయిదు. హార్మోనియం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అయిదు అంటే మగవాడి గొంతు నెత్తికెక్కాలి. క్వారీలో ఈ గట్టున పాడితే ఆ గట్టున పనిచేసేవాళ్లు సమ్మెటలు ఆపి వినేవాళ్లు. అతని మొదటి క్యాసెట్టు "బండ పాటలు" వచ్చినప్పుడు అది మోగని లారీ లేదు, టీ బంకు లేదు. ఏటా ఉగాది సాయంత్రం హైస్కూలు మైదానంలో అతని పాట ఉండేది. యర్రగొండపాలెం నుంచి కూడా ట్రాక్టర్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

ఆ ఉగాది కార్యక్రమానికి పెద్ద నాగేశ్వర్లు. ఇరవై ఏళ్లు రంపం పక్కన నిలబడి సగం చెవి పోగొట్టుకున్న మనిషి సంగీతానికి అధ్యక్షుడయ్యాడు. అతని పక్కన శాంతయ్య. హైస్కూల్లో గంట కొట్టి రిటైరైన అటెండరు. ఇద్దరూ ఎర్రయ్య అంటే ప్రాణం పెట్టేవాళ్లే. వాళ్లిద్దరి మధ్య వేలు దూరేంత సందు కూడా లేదు, "తడి పలక" వచ్చేదాకా.

"తడి పలక" ఎర్రయ్య రెండో క్యాసెట్టు. మండలాలు వచ్చిన రెండో ఏడు, చలి తగ్గుతున్న రోజుల్లో విడుదలైంది. మా ఊళ్లో ఎక్కడా దొరకలేదు. గిద్దలూరు బస్సు కండక్టరు రంగయ్య విజయవాడ పోయి ఒకటి కొనుక్కొచ్చాడు. ఒక శుక్రవారం పొద్దున బస్సు దిగి, "వలీ, మళ్లా మూడు గంటల ట్రిప్పుకు తిరిగియ్యాల. గీత పడిందో, నీ వేలు ఇంకోటి పోతాది" అని చేతిలో పెట్టాడు.

వలి పద్ధతి ఏమిటంటే, అసలు క్యాసెట్టు అరగకుండా దాని నుంచి ఒకే ఒకటి తీసుకునేవాడు. దాన్ని తల్లి క్యాసెట్టు అనేవాడు. అమ్మే కాపీలన్నీ ఆ తల్లి నుంచే. ఆ రోజు ఏమైందంటే, పాట వినిపించే టేప్‌రికార్డరు లోపలి రబ్బరు బెల్టు అంతకు రెండు రోజుల ముందే తెగింది. కొత్తది గుంటూరు నుంచి రావాలి. రంగయ్యకు మూడు గంటల ట్రిప్పు. వలి పాత సైకిలు ట్యూబును కత్తెరతో సన్నగా కోసి, గుండ్రంగా అతికించి బెల్టు బదులు తగిలించాడు. చక్రం తిరిగింది. రెండో పక్క ఎక్కడానికి పెట్టి, బొత్తాము నొక్కి, జుమ్మా నమాజుకు పోయాడు. వచ్చేసరికి బొత్తాము తనంతట తనే లేచి ఉంది. అసలు క్యాసెట్టు రంగయ్యకు ఇచ్చేశాడు. సోమవారం గుంటూరు బెల్టు వచ్చింది, ట్యూబు ముక్క చెత్తలోకి పోయింది. అంతే జరిగింది.

ఆ సోమవారం సాయంత్రం తల్లి క్యాసెట్టు మొదటిసారి విన్నది వలీ, నేనూ, మా ఆయనా, నాగేశ్వర్లూ, శాంతయ్యా. తల వంచి వింటున్న వలి ముఖం నల్లబడింది.

"ఎర్రయ్య దిగినాడు" అన్నాడు.

"ఏంది దిగేది?" అన్నాడు నాగేశ్వర్లు.

"శ్రుతి. అయిదు లేదు. నాలుగున్నర. తెల్ల మెట్టు మీదుండే మనిషి పక్కనున్న నల్ల మెట్టు మీదికి దిగినాడు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎర్రయ్య గొంతు దిగిందని ఈ ఊళ్లో మొదట అన్నది వలీనే. వలి చెవి చెప్పిందంటే ఇక దానికి తిరుగు లేదు. నెల తిరిగేసరికి ఇంటింటా ఆ క్యాసెట్టు ఉంది, దాంతో పాటు ఆ మాటా ఉంది.

క్యాసెట్టు నిజంగానే వేరుగా ఉంది. డప్పు లేదు. ఒక తంబూరా, ఒక హార్మోనియం. పాట బరువుగా, నీళ్లలో నడిచినట్టు సాగేది. అన్నిటికంటే చివరి పాట వింత. దాని పేరే తడి పలక. "తడి పలక మీద రాస్తి నీ పేరు, తడి ఆరేదాక కనపడదు..." అంటూ ఉండగానే టక్కున ఆగిపోయేది. ఇంకేం లేదు, గరగర శబ్దం తప్ప.

ఊరు రెండయింది. మా దుకాణం అరుగే కచేరీ. పనులైపోయి చేరేవాళ్లు.

"బాయిలో పడినోడు పిలిచినట్టుంది" అనేవాడు నాగేశ్వర్లు. "క్వారీలో పాడినోడేనా వీడు? గొంతులో మట్టి పోసుకున్నాడా?"

"నీకు వినపడేది ఒక చెవే, దాంతోనన్నా సరిగ్గా ఇను" అనేవాడు శాంతయ్య. "మనిషి పెద్దోడయినాడు. ఎన్నాళ్లు అరుస్తాడు? ఆ ఆఖర్న చూడు, కనపడదు అని ఆపేసినాడు. నోట్లో మాట నోట్లోనే. ఎవుడికి వస్తాది ఆ తెగువ?"

"తెగువ కాదు, ఊపిరి అందలా!"

"నీ మొగం. ముప్పై ఏళ్లు గంట కొట్టినా నేను. ఏ దెబ్బ కాడ ఆపాలనో నాకు తెలుసు. ఆపేదే సంగీతం."

"అయితే నీ గంటనే క్యాసెట్టు చేసి అమ్మరాదూ?"

మా ఇంట్లో కూడా అదే రచ్చ. మా ఆయన శాంతయ్య పక్షం. క్యాసెట్టు పెట్టుకుని, చివర ఆగిపోగానే కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నేను నాగేశ్వర్లు పక్షం. "పాట పూర్తిచేయలేనివాడికి పాటెందుకు, మీకు భోజనం సగంలో తీసేస్తే తెలుస్తుంది" అన్నాను. ఒకరోజు తీసేశాను కూడా. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇది మాటలతో పోతే బాగుండేది. ఉగాది ఇంకా ఇరవై రోజులుందనగా నాగేశ్వర్లు అరుగు మీద నిలబడి, ఈ ఏడు ఎర్రయ్యను పిలవడం లేదని చెప్పాడు. గొంతు పోయిన మనిషిని మైదానంలో నిలబెట్టి నవ్వులపాలు చేయడం దేనికి, ఒంగోలు నుంచి ఆర్కెస్ట్రాను మాట్లాడదాం అన్నాడు.

"ఒంగోలా?" శాంతయ్య తువ్వాలు విదిలించాడు. "మనం కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు ఒంగోలోళ్లు వచ్చి పాడినారా మనకు? జిల్లా మారితే చెవులు కూడా మార్చుకుంటావా? మన 'వచ్చినాడు' కూడా రాదు వాళ్లకు, 'వచ్చాడు, పోయాడు' అని పాడతారు, ఇను."

"వలిని అడుగు. వలీ భాయ్, నువ్వు చెప్పు. అయిదులో పాడగలడా ఇంక?"

వలి బీడీ ఆర్పి, "నేను విన్నది చెప్పినా. నాలుగున్నర" అన్నాడు. దాంతో ఆర్కెస్ట్రా ఖాయమైంది.

నాలుగు రోజులకు రంగయ్య మళ్లీ మా అరుగెక్కాడు. డ్యూటీ దిగి సోడా తాగుతున్నాడు. ఎర్రయ్యను పిలవడం లేదని విని సోడా బుడ్డి ఠక్కున పెట్టాడు.

"మీకేమన్నా పిచ్చా? గిద్దలూరులో జనం ఆ క్యాసెట్టు కోసం కొట్టుకుంటన్నారు. నా బస్సులో పెడితే డ్రైవరు స్టీరింగు మీద తాళం ఏస్తన్నాడు!"

"ఆ ఏడుపుకు తాళమా?" అన్నాడు నాగేశ్వర్లు.

"ఏడుపేంది? గుర్రమెక్కి పోయినట్టుంటే!"

"గుర్రం చచ్చి నెలయింది" అన్నాడు నాగేశ్వర్లు. అందరూ నవ్వారు.

శాంతయ్యకు మాత్రం కోపం వచ్చింది. మెచ్చుకునేవాడు కూడా తప్పుగా మెచ్చుకుంటే అతను ఓర్చుకోలేడు. "హుషారు కాదు రంగయ్యా, దుఃఖం. ఆ ఆఖరు మాట కాడ ఆపేసినాడే, అది ఇన్నాక ఎవుడన్నా తాళమేస్తాడా?"

"యాడ ఆపినాడు?"

"'కనపడదు' కాడ."

"ఆపలేదే. 'ఆరనీ ఆరనీ, అక్షరం అదే లేచొస్తాది' అని లేదూ? దాని ఎనక ఇంకో చరణం కూడా ఉంది." రంగయ్య అక్కడే పాడి వినిపించాడు. గొంతు కాకిది, కానీ మాటలు మాటలే.

నాగేశ్వర్లు, "గిద్దలూరోళ్లు సొంతంగా చరణాలు కూడా కట్టుకుంటన్నారు" అన్నాడు. మళ్లీ నవ్వులు, తిట్లు, మళ్లీ మొదటికి వచ్చింది గొడవ. ఒకరు విన్నది ఇంకొకరు వినలేదని ఏ మొనగాడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, అబద్ధమెందుకు.

నేను వలి వైపు చూశాను. స్టూలు మీద లేడు. లేచి నిలబడి ఉన్నాడు. ఆ నిలబడటం నిలబడటమే.

"రంగయ్యా, రేపు ట్రిప్పుకు ఆ క్యాసెట్టు తెస్తావా?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వలి దుకాణం షట్టరు సగం దించి ఉంది. గోడవతల ఒకే మాట వినపడుతోంది. "తడి పలక మీద రాస్తి" అని ఒకసారి చురుగ్గా, మళ్లీ "తడి పలక మీద రాస్తి" అని లాగి లాగి. మధ్యమధ్యలో హార్మోనియం మెట్టు. పది సార్లు, ఇరవై సార్లు. బేరానికి వచ్చినవాళ్లు, "వలి భాయ్‌కి ఏమైంది?" అంటున్నారు. నేను తక్కెడ వదిలి షట్టరు కింద నుంచి వంగి లోపలికి పోయాను.

వలి చెమటలు కక్కుతున్నాడు. "అక్కా, అసలుది అయిదే. ఎర్రయ్య దిగలా. నేనే దించినా" అన్నాడు.

ట్యూబు ముక్క సంగతి అప్పుడు చెప్పాడు. అది సాగి, చక్రం మెల్లగా తిరిగింది. మెల్లగా తిరిగితే పాట బరువెక్కింది, శ్రుతి అర మెట్టు దిగింది. పాట పొడుగయ్యేసరికి కాపీ క్యాసెట్టులో టేపు చాల్లేదు. చివరి చరణాలు బయటే ఉండిపోయాయి. శాంతయ్య కళ్లనీళ్లు పెట్టుకున్న ఆ ఆగిపోవడం ఎర్రయ్య ఆపింది కాదు, టేపు అయిపోవడం.

నాకు నవ్వు ఆగలేదు. వలి ముఖం చూసి ఆపుకున్నాను.

"నా చెవి తప్పు చెప్పలా అక్కా. నాలుగున్నరే ఇన్నా, నాలుగున్నరే చెప్పినా. కూర్చోని ఆఖరుదాకా ఇనుంటే, రంగయ్య దానితో పక్కన పెట్టి చూసుంటే..."

"చెవిని పొగుడుకున్నది చాలు. ఎప్పుడు చెబుతావు వాళ్లకు?"

"చెప్తా."

"ఎప్పుడు?"

"బోర్డు చూడు అక్కా" అన్నాడు. చూశాను. ఇక్కడ పాట చెడదు.

ఆ తర్వాత అయిదు రోజులు ఆ మనిషిని చూడలేకపోయాను. షట్టరు ఎత్తేవాడు, దించేవాడు. టీ తెప్పించుకుని చల్లార్చేవాడు. నాగేశ్వర్లు సందు మొదట్లో కనపడితే ఎదురు పోయేవాడు, పది అడుగులు పోయి ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేవాడు. ఎవరైనా "తడి పలక ఒకటియ్యి" అంటే లేదనేవాడు. కళ్లముందు అట్టపెట్టె నిండా ఉండేవి. లాల్బీ మా దగ్గరికి వచ్చి, "అక్కా, ఈయనకు ఎవురో ఏదో చేసినారు. నిలబడి తింటాడు, రెండు ముద్దలకే చెయ్యి కడుగుతాడు. మంచం మీద ఇటు ఒకసారి అటు ఒకసారి" అంది. ఎవరూ ఏమీ చేయలేదమ్మా, తనే చేసుకున్నాడు అన్నాను. అంతకంటే చెప్పలేదు. అది అతను చెప్పవలసిన మాట.

గోడకు ఇటునుంచి మాత్రం రోజూ పొడిచాను. "వలీ, ఆర్కెస్ట్రావాళ్లకు అడ్వాన్సు పోయిందట" అని, "వలీ, పోస్టర్లు అంటిస్తున్నారట" అని. అటునుంచి అడుగుల చప్పుడు ఉండేది, ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు.

ఆరోరోజు ఎర్రయ్యే వచ్చాడు.

ఎండ మండుతున్నా మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు. చేతిలో మిరియాల కషాయం సీసా. ఎప్పుడూ సందు మొదట్లోంచే కేకేసే మనిషి, దగ్గరికి వచ్చేదాకా నేను గుర్తుపట్టలేదు. వలి దుకాణం ముందు మెట్టు మీద కూర్చుని చాలా మెల్లగా మాట్లాడాడు. నేను శనగపప్పు చెరుగుతున్నదాన్ని చేట ఆపేశాను.

"వలీ, ఉగాదికి పిలవలేదని కాదు నేను వచ్చింది. పిలవకపోతే పోనీ. మార్కాపురమంతా నా గొంతు పోయిందంటన్నారంట. ఎవురన్నారంటే, వలి అన్నాడన్నారు. నువ్వంటే నిజమేనని నోరు మూసుకున్నా. నెల పొద్దులయింది పాడి. బాయికాడ గూడా గొంతెత్తలా. ఎత్తితే భయమేస్తాంది, ఉన్నది కూడా పోతాదేమోనని." సీసా మూత తీసి ఒక గుక్క తాగాడు. "నీ చెవి మీద ఒట్టేసి చెప్పు. తిరిగి వస్తాదా, రాదా? రాదంటే క్వారీకే పోతా."

వలి ఆ గోడ దాకా పోయాడు, ఈ గోడ దాకా వచ్చాడు. నేను గొంతు సవరించాను, వినపడేటట్టే.

"నీ గొంతుకేం కాలా ఎర్రయ్యా" అన్నాడు చివరికి. "నా బెల్టుకయింది."

మొత్తం చెప్పాడు. ట్యూబు ముక్క, జుమ్మా, తల్లి క్యాసెట్టు, నాలుగున్నర అని తనే అనడం, తెలిశాక కూడా ఆరు రోజులు నోరు మెదపకపోవడం. ఆ ఆరు రోజులు దాచకుండా చెప్పినందుకే నేను అతన్ని ఇప్పటికీ మనిషంటాను.

ఎర్రయ్య మఫ్లరు విప్పాడు. లేచాడు. కొడతాడనుకున్నాను.

"సైకిలు ట్యూబుతో నా గొంతు కోసినావు కదరా!" అని అరిచాడు.

ఆ అరుపు అయిదు శ్రుతిలో ఉంది. సందు చివర ఫ్యాక్టరీలోంచి మనుషులు బయటికి వచ్చారు. ఎర్రయ్యకు తన గొంతు తనకే వినపడి నోరు తెరుచుకునే ఉండిపోయింది. తర్వాత కషాయం సీసా ఎత్తి మా దుకాణం ముందు మురుగుకాలవలో వంచాడు. ఆ మిరియాల ఘాటుకు నాకు తుమ్ములు.

"మన్నించు" అన్నాడు వలి.

"మన్నించేది తరవాత. ముందు ఆ రెండు క్యాసెట్లు తీసుకో. వాళ్ల ముందర చెప్పాల నువ్వు. నేను చెప్తే, పిలవలేదని కథలు అల్లినాడంటారు."

ఆ సాయంత్రం మా అరుగు మీద వలి రెండు టేప్‌రికార్డర్లు పెట్టాడు. ముందు తన కాపీ, తర్వాత రంగయ్య దగ్గరున్న అసలుది. మధ్యలో హార్మోనియం మెట్లు నొక్కి చూపించాడు, తెల్లది, నల్లది. వేలు కొన లేని చెయ్యి అందరి ముందు పెట్టడం అదే మొదటిసారి. అసలు క్యాసెట్టులో చివరి చరణం వచ్చింది. ఆరనీ ఆరనీ, అక్షరం అదే లేచొస్తాది.

నాగేశ్వర్లు తల గోక్కున్నాడు. "నేను మొదటినుంచీ అంటానే ఉండా, ఇందులో ఏదో తేడా ఉందని" అన్నాడు. సిగ్గులేని మనిషి. కానీ వెంటనే ఒంగోలుకు ఫోను చేసి ఆర్కెస్ట్రా వద్దన్నాడు. పోతూ పోతూ బోర్డు వైపు చూసి, "వలీ భాయ్, దాని కింద 'శుక్రవారం తప్ప' అని రాయించు" అన్నాడు.

శాంతయ్య మాత్రం తన క్యాసెట్టు జేబులోంచి తీసి, చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మామా, అదియ్యి. సరిగ్గా ఎక్కించి ఇస్తా" అన్నాడు వలి.

"నాకు సరిగ్గానే ఎక్కింది" అన్నాడు శాంతయ్య.

ఎర్రయ్య వేసిన శిక్ష ఏమిటంటే, ఉగాదినాడు హార్మోనియం వలి పట్టాలి. స్టేజీ మీద. శ్రుతి దించినవాడే ఎత్తాలన్నాడు. వలి ఇస్త్రీ చొక్కాతో వచ్చి కూర్చున్నాడు, ముంజేతుల దాకా చెమట. మైదానం నిండిపోయింది. గొడవ సంగతి యర్రగొండపాలెం దాకా పాకి, అందుకోసమే వచ్చినవాళ్లున్నారు. లాల్బీ నా పక్కన కూర్చుని నా చెయ్యి నలిపేసింది.

పాటలన్నీ అయ్యాక తడి పలక. వలి మెట్టు మీద వేలు పెట్టబోతుంటే వెనకనుంచి శాంతయ్య కేక. "నాలుగున్నర!"

"అయిదు!" అన్నాడు నాగేశ్వర్లు.

మైదానం రెండుగా చీలి అరవడం మొదలుపెట్టింది. అయిదు, నాలుగున్నర, అయిదు, నాలుగున్నర. నిజం తెలిశాక కూడా. ఎర్రయ్య నవ్వుతూ వలి వైపు చూశాడు, నీ ఇష్టం అన్నట్టు. వలి వేలు ఆ రెండు మెట్ల మీద గాలిలో ఆగింది. లాల్బీ గోళ్లు నా చేతిలో దిగాయి. తర్వాత తెల్ల మెట్టు పలికింది.

ఎర్రయ్య పాడాడు. గుర్రమే. రంగయ్య అబద్ధం చెప్పలేదు. "కనపడదు" దగ్గరికి వచ్చేసరికి శాంతయ్య లేచి, తువ్వాలు దులిపి, జనం కాళ్లు తొక్కుకుంటూ బయటికి నడిచాడు. "నాకు ఇక్కడికి చాలు" అన్నాడట దారిలో ఎవరితోనో. వలి అతను పోయేదాకా చూస్తూనే ఉన్నాడు. చేతులు మాత్రం ఆపలేదు. పాట చివరిదాకా వెళ్లింది.

కాపీలు తెచ్చినవాళ్లందరికీ వలి మళ్లీ ఎక్కించి ఇచ్చాడు. బోర్డు మీద పేరు ఉంచి, కింది మాట కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాడు. "రాసింది రాసినావు, ఉంచరాదూ, ఎవడు పట్టించుకుంటాడు" అని నేను పోట్లాడాను. వినలేదు. అప్పటినుంచి ఏ క్యాసెట్టు ఎక్కించినా మొదటి నుంచి చివరిదాకా దాని ముందు నిలబడే ఉండేవాడు. అన్నం డబ్బా వస్తే నిలబడే తినేవాడు. జుమ్మాకు పోయేముందు మిషన్లన్నీ ఆపి, ప్లగ్గులు పీకి, రెండుసార్లు వెనక్కి వచ్చి చూసుకుని పోయేవాడు. ఊళ్లో చెడ్డ కాపీ ఇంకా ఒకటుందని అతనికి దురద. నెలకోసారి శాంతయ్య ఇంటికి పోయి అడిగేవాడు. శాంతయ్య నెలకోసారి తిట్టి పంపేవాడు. "అర శ్రుతి వలి" అని పేరు కూడా పడింది. ఆ పేరు పెట్టింది నేనే అంటారు. కావచ్చు.

అతనికి తెలియంది ఒకటుంది. చెడ్డ కాపీ ఒకటి కాదు, రెండు. మా ఆయన తనది బెల్లం డబ్బా వెనక దాచుకున్నాడు. వలి అడిగినప్పుడు, "ఎలుకలు కొట్టేశాయి తమ్ముడూ" అన్నాను. నాగేశ్వర్లు పక్షం దాన్ని, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మా ఆయన పోయాక ఒక మధ్యాహ్నం, బేరాలు లేనప్పుడు, దాన్ని పెట్టాను. చాలా చిన్నగా, గోడకు దూరంగా. తడి పలక మీద రాస్తి నీ పేరు. నీళ్లలో నడిచినట్టే. తడి ఆరేదాక కనపడదు. టక్కున ఆగింది. ఆయన లాగే కళ్లు మూసుకున్నాను.

గోడవతల అడుగులు ఆగాయి. తర్వాత గోడ మీద మూడు దెబ్బలు.

"అక్కా! అది నాలుగున్నర! యాడిది అది?"

"రంపమేమోలే వలీ" అన్నాను. "దానికేదో వచ్చినట్టుంది."